మెడ మెలితిప్పే డిస్టోనియాకు మెదడు ఆపరేషన్: బరంపురం, రాయగడ, జయపురం వైపు మనవాళ్లకు దారి

తల తనంతట తానే ఒక పక్కకు తిరిగిపోతుంది. చేత్తో సరిచేస్తే కాసేపు ఆగుతుంది, వదిలితే మళ్లీ అటే పోతుంది. కొందరికి తల అడ్డంగా ఊగుతుంది, కొందరికి వెనక్కి విరుచుకుపోతుంది, కొందరికి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. దీన్ని డాక్టర్లు సర్వికల్ డిస్టోనియా అంటారు. మన ఊళ్లలో గాలి సోకిందంటారు, నరం పట్టేసిందంటారు, గుణియా దగ్గరికి తీసుకెళ్తారు. ఈ తిరుగుళ్లలోనే ఒకటి రెండేళ్లు గడిచిపోతాయి. ఆ తర్వాత ఎవరో "మెదడులో తీగ పెడితే పోతుందట" అని చెబుతారు. పోతుందనడం సరికాదు, చాలామందికి బాగా తగ్గుతుంది. ఎవరికి తగ్గుతుంది, ఎప్పుడు తగ్గుతుంది, తగ్గింది నిలబడాలంటే ఏం చేయాలి అన్నదే ఇక్కడి విషయం. తీగలు పెట్టే ఆపరేషన్ ఒక్క రోజులో అయిపోతుంది. దానికి ముందు ఆరు నెలలు, తర్వాత ఒక ఏడాది ఎలా గడిపామన్నదాని మీదే ఫలితం ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ముందు, ఇది ఆ జబ్బేనా?

పడుకున్న తీరు బాగాలేక మెడ పట్టేస్తే వారం తిరిగేసరికి వదులుతుంది. డిస్టోనియా వదలదు, నెలల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. ఇంట్లోనే గమనించగల గుర్తులు నాలుగున్నాయి. నిద్రలో మెడ సాఫీగా ఉంటుంది. నడిచేటప్పుడు, నలుగురిలో ఉన్నప్పుడు, కంగారు పడ్డప్పుడు ఎక్కువవుతుంది. గడ్డం మీదో చెంప మీదో వేలు ఆనిస్తే, బలం పెట్టి తొయ్యకుండా ఊరికే తాకించినా, తల కొంత నిటారుకు వస్తుంది. అద్దం ముందు నిలబడితే ఒక కండరం తాడులా ఉబ్బి కనిపిస్తుంది.

ఆ తాడు ఏ వైపు ఉందో చూసుకోండి. గడ్డం కుడికి తిరుగుతుంటే, ఎడమ చెవి వెనక నుంచి ఛాతీ మధ్య ఎముక దాకా దిగే కండరం ఉబ్బుతుంది. అదే సమయంలో మెడ వెనక కుడి పక్క కండరం గట్టిపడుతుంది. అంటే మెడ తిరిగిన వైపుకు ఎదురు వైపు ముందు కండరం, తిరిగిన వైపే వెనక కండరం. నొప్పి ఉన్న చోటే జబ్బుందనుకుని అక్కడే తైలం రుద్దించుకుంటే సగం సార్లు తప్పు పక్కనే రుద్దించుకుంటాం.

మంగలి షాపులో క్షవరం అయ్యాక తల పట్టుకుని టక్కుమని మెడ విరిచే అలవాటు ఉంది కదా, అది ఈ జబ్బున్నవాళ్లు ఆపరేషన్‌కు ముందు గానీ తర్వాత గానీ చేయించుకోకూడదు. ఏళ్ల తరబడి ఒకే పక్కకు తిరిగిన మెడలో వెన్నుపూసలు అరిగి ఉంటాయి. ఆ ఒక్క విరుపుతో నరాలు నలిగి కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదం ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఫోన్‌లో వీడియో తీసుకోండి. డాక్టర్ గదిలో ఉన్న పది నిమిషాల్లో జబ్బు తన అసలు రూపం చూపించకపోవచ్చు. మెడ, భుజాలు కనబడే చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చోండి. కెమెరా ఎదురుగా ఒక నిమిషం, రెండు పక్కల నుంచి అర నిమిషం చొప్పున తీయాలి. ఆ సమయంలో తలను నిలబెట్టడానికి ప్రయత్నించకండి. అది ఎటు పోవాలనుకుంటే అటు పోనివ్వండి. వీడియోలో ఇదే ముఖ్యం, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే: కెమెరా చూడగానే బిగబట్టి నిటారుగా కూర్చుంటారు. తర్వాత కళ్లు మూసుకుని కొంతసేపు, గడ్డం మీద వేలు పెట్టి కొంతసేపు, పది అడుగులు నడుస్తూ, చివరగా కాగితం మీద నాలుగు వరుసలు రాస్తూ తీయండి, ఆ కాగితాలూ దాచండి. మందు మార్చిన ప్రతిసారీ ఇదే కుర్చీ, ఇదే వెలుగు, ఇదే వరుస.

మాత్రల సంచీ మొత్తం బల్ల మీద పెట్టండి

మెడ తిరగడానికి వాడుతున్న మందే కారణం కావచ్చు. వాంతికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ (పెరినార్మ్ అని రాస్తారు), తల తిరుగుడుకు ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్ (స్టెమెటిల్), గ్యాస్ మాత్రల్లో కలిసి వచ్చే లెవోసల్పిరైడ్, మానసిక జబ్బులకు వాడే మందులు కొన్ని, ఇవన్నీ డిస్టోనియా తెచ్చిపెట్టగలవు. ఒక ఇంజెక్షన్‌తో గంటల్లో వచ్చిన మెలికైతే విరుగుడు ఇంజెక్షన్‌తో తగ్గుతుంది. నెలల తరబడి వాడితే వచ్చింది మందు మానేసినా ఉండిపోవచ్చు. అందుకే "గ్యాస్ మాత్రే కదా" అని దాచకండి, ఖాళీ అట్టలైనా సరే తీసుకెళ్లండి. మానసిక జబ్బు మందులను మాత్రం ఎవరికి వారు ఆపేయకూడదు.

యాభై ఏళ్ల లోపువాళ్లకు విల్సన్ జబ్బు లేదని తేల్చుకోవాలి. ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు అది, మందులతో అదుపు చేసుకోదగ్గది. రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, కంటి డాక్టర్ దగ్గర స్లిట్ ల్యాంప్ పరీక్ష చేస్తారు. ఇది చూడకుండా ఆపరేషన్ మాట ఎత్తే చోట ఆగి ఆలోచించండి.

ముందు మందులు, తర్వాత బోటాక్స్

మాత్రల్లో ట్రైహెక్సిఫెనిడిల్ (పాసిటేన్), క్లోనజెపామ్, బాక్లోఫెన్ వాడతారు. పాసిటేన్‌ను ఒకటి రెండు మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారాల మీద పెంచుతారు. నోరెండడం, మలబద్ధకం, మూత్రం ఆగడం, పెద్దవాళ్లలో మతిమరుపు, ఇవి దాని తిప్పలు. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. మాత్రల వల్ల మెడ జబ్బు పెద్దగా తగ్గదనేది నిజం.

అసలు మొదటి చికిత్స బోటులినం టాక్సిన్ ఇంజెక్షన్, అందరూ బోటాక్స్ అనేది దీన్నే. బిగుసుకున్న కండరాల్లోకే నేరుగా ఇస్తారు. మొదటి వారం రెండు వారాల్లో పట్టు వదలడం మొదలవుతుంది, నెలా నెలన్నరకు గరిష్ఠానికి చేరుతుంది, మూడు నెలలకు తగ్గిపోతుంది, మళ్లీ వేయించుకోవాలి. చాలామందికి దీంతోనే బతుకు సాఫీగా సాగుతుంది. అలాంటివాళ్లకు మెదడు ఆపరేషన్ అక్కర్లేదు.

"బోటాక్స్ పనిచేయలేదు" అన్నంత మాత్రాన సర్జన్ దగ్గరికి పరుగెత్తకండి. ఎందుకు పనిచేయలేదో చూడాలి. కండరం తప్పి ఉండొచ్చు. కండరంలోని విద్యుత్తును పసిగట్టే ఈఎంజీ సూదితో గానీ అల్ట్రాసౌండ్‌తో గానీ చూసి వేస్తే గురి కుదురుతుంది. మోతాదు చాలకపోయి ఉండొచ్చు. బోటాక్స్ యూనిట్లూ, డిస్పోర్ట్ అనే ఇంకో బ్రాండు యూనిట్లూ ఒకటి కావు, ఒకదాని లెక్క ఇంకోదానికి పెట్టకూడదు. మూడోది మన ప్రాంతపు సమస్య: మందు సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. విశాఖలో కొని, ఎండాకాలం బస్సులో సంచీలో వేసుకుని రాయగడ తెచ్చి వేయించుకుంటే మందులో బలం మిగలదు. మందు ఎక్కడ కొంటే అక్కడే, అదే రోజు వేయించుకోవడం మేలు. నాలుగోది, మూడు నెలలు నిండకుండా తొందరపడి మళ్లీ మళ్లీ వేయించుకుంటే ఒంట్లో యాంటీబాడీలు పుట్టి మందు శాశ్వతంగా పనిచేయకుండా పోవచ్చు. సరైన కండరాల్లో, సరిపడా మోతాదుతో, రెండు మూడు సార్లు వేసినా ఫలితం లేకపోయినా, మొదట పనిచేసి తర్వాత ఆగిపోయినా, మింగడం కష్టమై మోతాదు పెంచలేకపోయినా, అప్పుడు ఆపరేషన్ సంగతి మాట్లాడొచ్చు.

ఎవరికి కలిసొస్తుంది?

పుట్టుకలో మెదడు దెబ్బ, పక్షవాతం లాంటివేవీ లేకుండా, ఎంఆర్ఐ మామూలుగా ఉండి, మెడ ఇంకా చేత్తో తిప్పితే తిరిగేవాళ్లకు ఆశ ఎక్కువ. కుటుంబంలో వచ్చే డీవైటీ1 రకానికి, మందుల వల్ల వచ్చిన రకానికి కూడా బాగా పనిచేస్తుంది. నిద్రలో, మత్తులో కూడా మెడ నిటారుకు రాలేదంటే కండరమే కురుచైపోయిందన్నమాట. దాన్ని మెదడులో తీగ సాగదీయలేదు. జబ్బు ముదిరి ఏళ్లు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది, అందుకని బోటాక్స్‌తో కుదరనివాళ్లు పదేళ్లు ఆగడమూ మంచిది కాదు.

ఒప్పుకునే ముందు మెడ వెన్నుపూసకు ఎంఆర్ఐ తప్పనిసరి. నడకలో తూలుడు, వేళ్లలో తిమ్మిరి, మూత్రం ఆగకపోవడం ఉంటే వెన్నుపాము నలిగిందేమో చూడాలి. అలా ఉంటే దేన్ని ముందు చేయాలన్నది న్యూరోసర్జన్ తేలుస్తారు. మనసు బాగోలేకపోవడం ఈ జబ్బులో చాలా మామూలు. నలుగురిలోకి వెళ్లలేక, పెళ్లిళ్లకు మానేసి ఇంట్లోనే ఉండిపోతారు. దిగులుకు మందు వేసి సర్దుకున్నాకే ఆపరేషన్ చేస్తారు. ఆపరేషన్ తర్వాత కూడా దిగులు ముదిరి ప్రాణం తీసుకోవాలనుకున్న సందర్భాలున్నాయి గనుక, ఇంట్లోవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మన కొండ ప్రాంతాల వాళ్లు ఇంకొకటి చేయించుకోవాలి, పెద్ద నగరపు ఆసుపత్రుల్లో ఎవరికీ గుర్తుకు రాకపోవచ్చు: సికిల్ సెల్ పరీక్ష. ఒడిశాలో ఇది ఎక్కువ. గంటల తరబడి మత్తులో ఉన్నప్పుడు నీరు తగ్గినా, ఒళ్లు చల్లబడినా, ఆక్సిజన్ తగ్గినా ఈ రక్తం ఇబ్బంది పెడుతుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ జాగ్రత్త పడతారు.

ఎక్కడికి, ఏ కార్డుతో?

హైదరాబాద్ నిమ్స్‌లో, బెంగళూరు నిమ్హాన్స్‌లో, తిరువనంతపురం శ్రీచిత్రలో ఈ ఆపరేషన్లు చేస్తారు. ప్రైవేటు ఆసుపత్రులు వేరే ఉన్నాయి. ఎక్కడికెళ్లినా అడగాల్సిన ప్రశ్న "డీబీఎస్ (మెదడులో తీగ పెట్టే ఆపరేషన్) చేస్తారా" అని కాదు. ఎక్కువ చోట్ల చేసేది పార్కిన్సన్స్‌కు. "మెడ డిస్టోనియాకు ఎంతమందికి చేశారు, ఆపరేషన్ తర్వాత యంత్రం సర్దేది ఎవరు, ఆ డాక్టర్ వారంలో ఏ రోజు దొరుకుతారు" అని అడగండి. రెండో ప్రశ్నకు తడబడితే ఆ చోటు వద్దు.

ఖర్చు దగ్గర సరిహద్దు తెలుగువాళ్లు మోసపోయేది ఇక్కడే: ఆరోగ్యశ్రీ భాషను బట్టి రాదు. ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా, చుట్టాలంతా ఇచ్ఛాపురంలోనో పార్వతీపురంలోనో ఉన్నా, రేషన్ కార్డు ఒడిశాదైతే ఆంధ్రా పథకం వర్తించదు. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, రాష్ట్ర పథకం గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఇస్తున్నారు. ఆయుష్మాన్ కార్డు ఇతర రాష్ట్రాల్లో నమోదైన ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. అయితే కార్డు చెల్లడం వేరు, లక్షల్లో ఉండే యంత్రం ఖరీదు ఆ ప్యాకేజీలో ఉండటం వేరు. ఆసుపత్రి కౌంటర్లో నోటి మాటతో సరిపెట్టుకోకండి, యంత్రం, తీగలు, ఆపరేషన్, మత్తు, గది విడివిడిగా రాసిన అంచనా కాగితం తీసుకోండి. ప్రధానమంత్రి సహాయ నిధికి గానీ, ముఖ్యమంత్రి సహాయ నిధికి గానీ దరఖాస్తు పెట్టాలన్నా ఆ కాగితమే కావాలి. బ్యాటరీ మార్పిడి ఖర్చు కూడా అప్పుడే రాయించుకోండి, అది కొన్నేళ్లలో మళ్లీ వచ్చే ఖర్చు.

రైళ్ల లెక్క కూడా ముందే వేసుకోండి. బరంపురం వాళ్లకు విశాఖ మెయిన్ లైను, రాయగడ వాళ్లకు పార్వతీపురం, విజయనగరం మీదుగా, కోరాపుట్, జయపురం వాళ్లకు అరకు లైను. ఆపరేషన్ తర్వాత మొదటి ఏడాది యంత్రం సర్దించుకోవడానికి కనీసం ఐదారుసార్లు వెళ్లాలి. ఆ దారిఖర్చు, పనిదినాల నష్టం కలపకుండా వేసిన లెక్క లెక్క కాదు.

మెదడులో ఏం చేస్తారు?

మెదడు లోతున గ్లోబస్ పాలిడస్ అనే ముద్ద ఉంది, దాని లోపలి భాగాన్ని జీపీఐ అంటారు. కదలికలకు బ్రేకు వేసే కేంద్రం అది. డిస్టోనియాలో దాని లయ చెడిపోతుంది. అక్కడ సన్నటి తీగ దించి, ఛాతీలో పెట్టిన బ్యాటరీ నుంచి ఆగకుండా చిన్న విద్యుత్ తరంగాలు పంపితే ఆ చెడిన లయ కట్టుబడుతుంది. ఇదే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, డీబీఎస్. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో డాక్టర్ బెనబిడ్ బృందం 1987లో వణుకు జబ్బుకు ఈ పద్ధతికి దారి వేసింది. మెడ డిస్టోనియాకు రెండు పక్కలా జీపీఐలో తీగలు పెట్టిన ఫలితాలను క్రాస్ బృందం 1999లో ప్రచురించింది. 2003లో అమెరికా ఎఫ్‌డీఏ డిస్టోనియాకు పరిమిత అనుమతి ఇచ్చింది.

తీగ మందం 1.27 మిల్లీమీటర్లు, కొసన ఒక్కోటి 1.5 మిల్లీమీటర్ల పొడవున్న నాలుగు లోహపు వలయాలు. గురి సుమారుగా మెదడు నడిగీత నుంచి పక్కకు 20 మిల్లీమీటర్లు, ఏసీ పీసీ గీత (మెదడు నడిమధ్య రెండు గుర్తులను కలిపే గీత) మధ్య బిందువు నుంచి ముందుకు 2, 3 మిల్లీమీటర్లు, ఆ గీత కిందికి 4, 5 మిల్లీమీటర్లు. తర్వాత ప్రతి మనిషి ఎంఆర్ఐని బట్టి సరిచేస్తారు. ఈ గురికి ఆనుకునే రెండు అపాయాలున్నాయి. అడుగున చూపు నరాల దారి: తీగ మరీ కిందికి దిగితే కళ్ల ముందు మెరుపులు. లోపలివైపు, వెనకవైపు కదలిక నరాల కట్ట: అటు జరిగితే మూతి లాగడం, మాట ముద్దగా రావడం. బయటివైపు జరిగితే అపాయమేమీ ఉండదు, ఫలితమూ ఉండదు. రెండు మిల్లీమీటర్ల తేడా అంటే కందిగింజ సగం. ఆపరేషన్ ఫలితం ఆ సగం గింజ మీద ఉంటుంది.

ఆపరేషన్ రోజు

వారం ముందు నుంచి యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు ఆపుతారు. గుండె డాక్టర్ ఒప్పుకున్నాకే ఆపాలి. బీపీ అదుపులో ఉండాలి, మెదడులో రక్తస్రావానికి మొదటి మిత్రుడు బీపీ. పుచ్చిన పళ్లు, చర్మం మీద సెగగడ్డలు, గజ్జి ఉంటే ముందే మానిపించుకోండి, లేకపోతే ఆ సూక్ష్మజీవులు యంత్రం మీద గూడు కడతాయి. డిస్టోనియా మాత్రలను ఒక్కసారిగా ఆపకూడదు, ఆ ఉదయం వేసుకోవాలా వద్దా అన్నది మత్తు డాక్టర్ చెబుతారు. అన్నం ఆరు గంటల ముందు ఆపాలి.

పార్కిన్సన్స్ వాళ్లకు మెలకువగా ఉంచి చేస్తారని విని ఉంటారు. మెడ జబ్బు వాళ్లకు ఎక్కువ చోట్ల పూర్తి మత్తు ఇస్తారు. తలకు నాలుగు మూలలా పిన్నులతో లోహపు చట్రం బిగించాక మెడ దాన్ని లాగుతూ ఉంటే నొప్పికి నొప్పి, ఎంఆర్ఐ బొమ్మ కూడా చెదురుతుంది. చట్రం పెట్టి సీటీ తీసి, ముందు తీసిన ఎంఆర్ఐతో కలిపి కంప్యూటర్‌లో దారి గీస్తారు. నెత్తి మీద ముందు భాగంలో నడిగీతకు రెండు మూడు సెంటీమీటర్ల పక్కన, సుమారు 14 మిల్లీమీటర్ల రంధ్రం, రెండు పక్కలా. తీగ వెళ్లే దారి రక్తనాళాలను తప్పించేలా ఉందా అని ముందే చూసుకుంటారు. మెదడు కణాల చప్పుడు వినే సన్నటి సూది తీగను ముందు దించి, గురిని ఖాయం చేసుకుని, తర్వాత అసలు తీగ పెడతారు. చివర సీటీ తీసి రక్తస్రావం లేదని, తీగ స్థానం సరిగ్గా ఉందని చూస్తారు.

అదే రోజు గానీ కొన్ని రోజుల తర్వాత గానీ బ్యాటరీ పెడతారు. కాలర్ ఎముక కింద చర్మం లోపల ఒక జేబు చేసి అందులో బ్యాటరీ, అక్కడి నుంచి మెడలోంచి చెవి వెనకకు చర్మం కిందే పొడిగింపు తీగ. మెడ జబ్బు వాళ్లకు ఆపరేషన్ మొత్తంలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఇదే. మెడ అటూ ఇటూ లాగుతూంటే తీగ రోజుకు వేలసార్లు వంగుతుంది. తీగల జోడింపును మెడలో పెడితే కొన్ని నెలల్లో తెగిపోవచ్చు. చెవి పైన, వెనక, పుర్రె ఎముక మీద పదిలంగా ఆనేలా పెట్టించుకోవాలి, తీగకు కొంచెం వదులు ఉంచాలి. "జోడింపు ఎక్కడ పెడతారు, బ్యాటరీ ఏ పక్క పెడతారు" అని సర్జన్‌ను ముందే అడగండి. కావిడి మోసేవాళ్లు, భుజాన బస్తా వేసుకునేవాళ్లు తాము వాడే భుజం ఏదో చెప్పాలి. ఆ పక్క బ్యాటరీ పెడితే బరువుకు చర్మం ఒరిసి, పుండై, లోపలి లోహం బయటపడుతుంది. ఆ తర్వాత యంత్రం మొత్తం తీసేయాల్సి రావచ్చు.

మెదడులో రక్తస్రావం అరుదు, నూటికి ఒకరిద్దరికి మించదు. కానీ జరిగితే పక్షవాతం దాకా పోవచ్చు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ వాక్యాన్ని మీ భాషలో చదివించుకోండి. ఒడియా, ఇంగ్లీషు రెండూ చదవలేని పెద్దవాళ్లకు ఇంట్లో ఒకరు తెలుగులో చదివి చెప్పాలి.

ఇంటికొచ్చాక కుట్లు ఆరేదాకా

కుట్లు పదీ పన్నెండు రోజుల్లో తీస్తారు. అప్పటిదాకా తల తడవకూడదు, నూనె రాయకూడదు, పసుపు పెట్టకూడదు. గాయానికి పసుపు అద్దడం మనకు అలవాటు, ఇక్కడ వద్దు. చెవి వెనకో ఛాతీ మీదో ఎర్రబడినా, వెచ్చగా ఉబ్బినా, నీరు కారినా ఆ రోజే ఫొటో తీసి సర్జన్‌కు పంపండి. ఈ ప్రాంతంలో జ్వరమంటే మలేరియా అనుకోవడం సహజం. ఆపరేషనైన కొత్తలో జ్వరం వస్తే మలేరియా రక్తపరీక్ష చేయించండి, దానితోపాటు గాయాలన్నీ విప్పి చూపించండి. మలేరియా మాత్రలతో వారం గడిపేసరికి గాయంలోని చీము తీగ పట్టుకుని మెదడుకు పాకితే కష్టం.

స్విచ్ వేశాక

రెండు నుంచి నాలుగు వారాల తర్వాత యంత్రం మొదలుపెడతారు. డాక్టర్ ఒక్కో వలయాన్నీ విడిగా పరీక్షిస్తారు. విద్యుత్తును అర వోల్టు చొప్పున పెంచుతూ, ఎక్కడ మెరుపులు కనబడ్డాయి, ఎక్కడ మూతి లాగింది అని రాసుకుంటారు. అప్పుడు సిగ్గుపడకుండా చిన్న తిమ్మిరైనా చెప్పండి. తెలుగు రాని డాక్టరైతే, మెరుపు, లాగుడు, తిమ్మిరి, మాట తడబాటు అన్న మాటలకు సైగలు ముందే ఏర్పాటు చేసుకోండి. ఎక్కువమందికి సెకనుకు 130 తరంగాలతో మొదలుపెడతారు, విద్యుత్తు సాధారణంగా 2 నుంచి 4.5 వోల్టుల మధ్య నిలుస్తుంది, తరంగం వెడల్పు 60 మైక్రోసెకండ్ల నుంచి పైకి.

ఆ రోజే మెడ నిటారుకు వస్తుందని ఊరంతా ఎదురుచూస్తుంది, రాదు. ఊపుడు, వణుకు గంటల్లో, రోజుల్లో తగ్గొచ్చు. పట్టేసి తిరిగిన మెడ వారాల మీద, నెలల మీద వదులుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. అందుకే ప్రతి మార్పుకూ మూడు నాలుగు వారాలు ఆగి చూడాలి. ప్రతి వారం వెళ్లి "ఇంకొంచెం పెంచండి" అనేవాళ్లకు చివరకు ఏ మార్పు మేలు చేసిందో తెలియదు. ఆ ఫోన్ వీడియోలు ఇప్పుడు పనికొస్తాయి. రోజూ చూసే కంటికి మార్పు కనబడదు, మూడు నెలల ఎడం ఉన్న రెండు వీడియోలు పక్కపక్కన పెడితే కనబడుతుంది.

ఎంత తగ్గుతుంది? 62 మంది మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో, అందరికీ తీగలు పెట్టి సగం మందికే మూడు నెలలు విద్యుత్తు ఇచ్చారు. విద్యుత్తు ఇచ్చినవాళ్లలో జబ్బు తీవ్రత 26 శాతం తగ్గింది, ఇవ్వనివాళ్లలో 6 శాతం. అది మూడు నెలల లెక్కే గనుక, అక్కడితో ఆశ వదలొద్దు. మెడ ఎంత తిరిగిందన్న కొలత కంటే ముందు నొప్పి తగ్గడం చాలామందికి పెద్ద ఊరట. మిగిలిపోయిన ఒకటీ అరా కండరానికి మళ్లీ బోటాక్స్ వేసుకోవచ్చు, అది ఓటమి కాదు.

మెడ తగ్గుతూంటే ఇంకో పక్క కొత్త తేడాలు రావచ్చు. అక్షరాలు చిన్నవవడం, నడక నెమ్మదించడం, కాలు నేలకు అతుక్కున్నట్టుండటం. ఇవి వయసువి అనుకుంటారు. చాలాసార్లు ఇవి జీపీఐ విద్యుత్తు వల్ల వచ్చినవే, అమరిక మారిస్తే తగ్గుతాయి. నాలుగు వరుసలు రాసిన కాగితాలు దాచమన్నది ఇందుకే.

బాగున్న మెడ ఒక్కసారిగా మళ్లీ తిరిగితే కారణం మూడింట్లో ఒకటి: యంత్రం ఆగింది, బ్యాటరీ అయిపోయింది, తీగ తెగింది. బ్యాటరీని ఆన్, ఆఫ్ చేసే చేతి రిమోట్‌తో ఆన్‌లో ఉందా చూడండి. తీగ తెగిందా అన్నది ఆసుపత్రిలో ఇంపెడెన్స్ (తీగలో విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం) కొలిచి, ఎక్స్‌రే తీసి తేలుస్తారు. తీగ విరిగిన చోట నిరోధం విపరీతంగా పెరుగుతుంది. పడిపోయిన తర్వాత, గట్టి కుదుపు తర్వాత మొదలైందా అన్నది చెప్పండి. విద్యుత్తు ఒక్కసారిగా ఆగితే కొందరికి ఒళ్లంతా బిగుసుకుపోయి, జ్వరం వచ్చి, మూత్రం టీ రంగుకు మారుతుంది. అది ప్రాణాపాయం, 108కి ఫోన్ చేయండి. ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ ఆ నంబరు ఒకటే.

యంత్రంతో బతకడం

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఫిజియోథెరపీ గదుల గురించి. మెడ నొప్పి అనగానే మెడకు ప్యాడ్లు పెట్టి వేడి ఎక్కించే షార్ట్‌వేవ్ డయాథెర్మీ, అల్ట్రాసౌండ్ వేడి, ఇవి డీబీఎస్ ఉన్నవాళ్లకు పూర్తిగా నిషేధం. ఆ శక్తి తీగ పట్టుకుని మెదడులోని కొస దగ్గర వేడి పుట్టించి కణాలను కాల్చేయగలదు. మెడకే కాదు, మోకాలికి కూడా వద్దు. వ్యాయామం, సాగదీత, తల నిలబెట్టే అభ్యాసం మాత్రం కచ్చితంగా చేయాలి.

ఎంఆర్ఐ తీసే ముందు యంత్రం మోడల్ చూసి, కంపెనీ చెప్పిన షరతులతోనే తీయాలి. ఏ ఆపరేషనైనా, పంటి పనైనా ముందే చెప్పాలి, కోత దగ్గర రక్తం ఆపడానికి విద్యుత్తుతో కాల్చే కాటరీ బైపోలార్ రకమైతే మేలు. పూరీ, తిరుమలల్లో మెటల్ డిటెక్టర్ గేటు దగ్గర కార్డు చూపించండి, గేటులో ఆగి నిలబడకండి, చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద ఉంచనివ్వకండి. బరంపురం ఠాకురాణి యాత్రలో, గణేశ్ నిమజ్జనంలో పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెలుంటాయి. పాత మోడళ్లను అయస్కాంతం ఆపేయగలదు, ఆ పెట్టెలకు ఛాతీ ఆనించకండి. వెల్డింగ్ పనికి దూరం. నెత్తిన కట్టెల మోపు, నీళ్ల కుండ ఇక వద్దు, పుర్రె రంధ్రం మూత మీద ఆ బరువు పడకూడదు.

ఛార్జింగ్ చేసే బ్యాటరీ పదేళ్లు దాటి వస్తుంది, చేయని రకం కొన్నేళ్లకే మార్చాలి. డిస్టోనియాకు విద్యుత్తు ఎక్కువ కావాలి గనుక ఇంకా తొందరగా అయిపోవచ్చు. రోజుల తరబడి కరెంటు పోయే ఊళ్లలో ఉండేవాళ్లు ఇన్వర్టర్ గురించి కూడా ఆలోచించి ఎంచుకోవాలి. ఛార్జింగ్‌కు వారపు సంత రోజును గుర్తుగా పెట్టుకుంటే మరవరు. ఇంట్లో ఇంకొకరికి కూడా అది చేయడం నేర్పండి.

బ్యాటరీ, తీగ, విద్యుత్తు జంజాటం వద్దనుకునేవాళ్లకు ఒక దారి ఉంది: అదే ముద్దలో చిన్న చోటును వేడితో కాల్చే పాలిడోటమీ. ఖర్చు తక్కువ, మళ్లీ మళ్లీ తిరగాల్సిన పని లేదు. కానీ కాల్చింది మళ్లీ రాదు, రెండు పక్కలా చేస్తే మాట, మింగుడు చెడే ప్రమాదం పెరుగుతుంది. దూరం, డబ్బు రెండూ అడ్డొచ్చేవాళ్లు దీని గురించి సర్జన్‌ను అడగడంలో తప్పు లేదు.

యంత్రం కంపెనీ ఇచ్చే కార్డు, చివరిసారి సర్దిన అమరికల ప్రింటు, సర్జన్ ఫోన్ నంబరు, ఈ మూడింటినీ లామినేషన్ చేయించి మూడు కాపీలు ఉంచండి: జేబులో ఒకటి, ఇంట్లో ఒకటి, మీ ఊరి డాక్టర్ దగ్గర ఒకటి. కార్డు వెనక ఇంట్లోవాళ్లు తెలుగులో ఒక మాట రాసి పెట్టుకోవాలి. ఎప్పుడో చాలా ఏళ్ల తర్వాత, ఏ కారణంతోనైనా ఆ మనిషి పోతే, దహనానికి ముందు ఛాతీలోని బ్యాటరీని డాక్టర్‌తో తీయించాలి, లేకపోతే చితి మీద అది పేలుతుంది.